కాంటాసూవర్ గొంతు

పది కావడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. జోగమ్మ సోఫా అంచునే కూర్చుంది. వెనక్కి జరిగితే ఆ మెత్తటిదాంట్లో కూరుకుపోయి, లేవాల్సినప్పుడు నలుగురి ముందూ తంటాలు పడాల్సి వస్తుందని భయం. ఎదురుగా మూలన బల్ల మీద టీవీ, దాని చెక్క తలుపులు రెండుపక్కలా బార్లా తెరిచి ఉన్నాయి, తెర మీద ఇసక రాలుతున్నట్టు చుక్కలు, ఆ చుక్కల్లోంచి ఒకసారి ఎవరిదో మొహం వంకరగా వచ్చి పోయింది. డాబా మీద ఉమామహేశ్వర్ గారు ఏంటెన్నా తిప్పుతున్నారు, కంపెనీలో అంత పెద్ద ఇంజనీరు, కింద నలభైమంది పనిచేసే మనిషి, లుంగీ ఎగ్గట్టి ఇనప గొట్టం పట్టుకుని ఎండలో నిలబడ్డారు, కిటికీలోంచి తల బయటపెట్టి ఆయన భార్య ఛాయాదేవి గారు "కొంచెం ఎడమకి… ఆ, ఆ, వచ్చింది… అయ్యో పోయింది" అని అరుస్తున్నారు, కింద గచ్చు మీద ఆ వరస క్వార్టర్ల పిల్లలు పది పన్నెండుమంది మఠం వేసుకుని ఆ వచ్చిందీ పోయిందీ రెండింటికీ చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళకి ఏదైనా ఒకటే, బొమ్మలొస్తే చాలు. జోగమ్మకి ఒకటే కాదు. వీళ్ళమ్మాయి శాంత తీసిన పిల్లల బొమ్మల సినిమావి రెండు టేపులు వెళ్ళాయి ఢిల్లీకి, ఒకే బొమ్మలు, ఒకే కథ, గొంతులు వేరు. ఒకదాంట్లో తన గొంతు, రెండోదాంట్లో కలకత్తాలో రేడియో నాటకాలాడే ఆవిడది, తేనె పోసినట్టుండే గొంతు. ఏది వేస్తారో ఆఖరి నిమిషం దాకా చెప్పరట. పదింటికి దేశమంతా వినేలా ఆ కథలో ముళ్ళపంది మాట్లాడుతుంది, ఎవరి గొంతుతో మాట్లాడుతుందో ఢిల్లీలో ఎవరో ఒక అధికారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రెండో టేపు మాటలు రాసింది తన కూతురే. అదుగో, గుమ్మం దగ్గర పేము కుర్చీలో, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, ఇప్పుడే లేచి వెళ్ళిపోయే మనిషిలా కూర్చుంది పైడితల్లి.

"అమ్మా, కాఫీ," అని ఛాయాదేవి గారు అందించారు, స్టీలు గ్లాసు కాదు, పింగాణీ కప్పు, సాసరుతో. జోగమ్మ రెండు చేతులా పట్టుకుంది.

"నాకెందుకమ్మా ఇప్పుడు కాఫీ? గొంతు దిగదు. శాంతమ్మ ఏటైనా సెప్పినాదా?"

"రాత్రి ట్రంకాల్ వచ్చింది. 'అమ్మా, ఇంకా తేలలేదు' అంది, అంతే, లైను పోయింది. మీరు తాగండి, చల్లారిపోతుంది."

తేలలేదు. నిన్న శనివారానికి తేలలేదు, రేపు సోమవారానికి ఎలాగూ తేలిపోతుంది, మధ్యలో ఈ ఆదివారం ముప్పావుగంట మాత్రం జోగమ్మ ఛాతీ మీద లోకో షెడ్డు ఇంజనులా కూర్చుంది. పెనిమిటి బంగార్రాజు షెడ్డులో ఫిట్టరు, ఇంకా ఏడాది సర్వీసుంది, ఇవాళ డ్యూటీ పడింది, పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ "నీ గొంతు వత్తే వచ్చినట్టు, రాకపోతే పోయినట్టు, నువ్వేటి మారిపోతావా ఏటి" అన్నాడు. ఆ మనిషి ధైర్యం చెప్పడం అంతవరకే. కానీ మారిపోవడం అంటే ఏమిటో జోగమ్మకి తెలుసు, పదహారో ఏట సాలూరు దగ్గర కొండకింద ఊరి నుంచి రైలెక్కి టాటానగర్‌లో దిగిన రోజున తెలిసింది. ప్లాట్‌ఫారం మీద అన్ని నోళ్ళు కదులుతున్నాయి, ఒక్క నోట్లోంచీ తనకి తెలిసిన మాట రావడం లేదు. రైల్వే క్వార్టర్ల పంపు దగ్గర బిందె పెడితే వెనకనుంచి ఎవరో అరిచారు, ఏమన్నారో తెలియక బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకొచ్చి తలుపేసుకుంది, మూడు నెలలు పెనిమిటితో తప్ప ఎవరితోనూ నోరు విప్పలేదు. మాట రాకపోతే మనిషి ఎంత చిన్నదైపోతుందో, ఊళ్ళో కలుపుకి వెళితే పాటెత్తుకునేది తనే, పది మందీ అందుకునేవారు, అదే జోగి ఇక్కడ ఉప్పు కావాలంటే కొట్టువాడికి ఉప్పు వైపు వేలు చూపించేది. నాలుగో నెలలో, ఎండాకాలం, నీళ్ళు సన్నగా వస్తున్నాయి, ఒకావిడ తన బిందె పక్కకి తోసింది, అప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, "ఏయ్! హమారా బిందె! హమ్ పహలే ఆతా హై! తుమ్ తోస్తా కాయ్‌కో?" అని, నా బిందె, ముందొచ్చింది నేను, ఎందుకు తోస్తావని అరిచేసింది. పంపు దగ్గరున్న ఆడవాళ్ళంతా ఒక్క క్షణం చూసి, విరగబడి నవ్వారు, ఆ తోసినావిడే ముందు నవ్వింది, నవ్వుతూనే తన బిందె తీసి జోగమ్మ బిందె పెట్టింది. ఆ రోజు నుంచి జోగమ్మ హిందీ మాట్లాడుతోంది, ముప్పై ఆరేళ్ళుగా, ఆడా మగా ఒకటే చేసి, తెలియని చోట తెలుగు మాట తోసేసి. అవతలివాళ్ళు నవ్వుతారు, పని జరుగుతుంది.

టీవీలో చటుక్కున బొమ్మ నిలబడింది. ఎవరో పంటల గురించి చెబుతున్నాడు. "ఆగండి! కదపకండి! అలాగే పట్టుకోండి!" అని ఛాయాదేవి గారి కేక, డాబా మీద నుంచి "పదింటిదాకా నేను ఇలాగే నించోవాలా?" అని జవాబు, పిల్లలు కిలకిల. వాళ్ళల్లో మూడేళ్ళపిల్ల ఒకత్తి అక్క ఒళ్ళో కూర్చుని బొటనవేలు చీకుతోంది. శాంత కూడా అంతే ఉండేది. కాసిడీహ్‌లో ఆ చిన్న నర్సరీ బడి, రెండు గదులూ ఒక వరండా, జోగమ్మ అక్కడ ఆయా. పిల్లల ముక్కులు తుడవడం, మధ్యాహ్నం చాపలేసి పడుకోబెట్టడం. ఉమామహేశ్వర్ గారికి ఇంకా టెల్కో కాలనీలో క్వార్టరు రాలేదు, అక్కడే అద్దెకుండేవారు. శాంతని మొదటిరోజు దింపి వెళ్ళారు. అబ్బ, ఏం ఏడుపు! వీధి చివరిదాకా వినిపించే ఏడుపు, బిస్కట్టిస్తే విసిరేసింది, బొమ్మ ఇస్తే విసిరేసింది, ఎత్తుకుంటే జోగమ్మ చెయ్యి కొరికింది. తక్కిన పిల్లలు పడుకోకుండా చుట్టూ చేరారు, వాళ్ళలో బెంగాలీలు, పంజాబీలు, ఒడియావాళ్ళు, బీహారీలు, అందరికీ అర్థమయ్యేది హిందీ ఒక్కటే, జోగమ్మకి సరిగ్గా రానిది ఆ ఒక్కటే. కొరికిన చోట మండుతోంది, అయినా కోపం రాలేదు, ఈ పిల్ల టాటానగర్ ప్లాట్‌ఫారం మీద నిలబడిన జోగి లాగే ఉంది కదా అనిపించింది. కిటికీలోంచి దల్మా కొండ నీలంగా కనిపిస్తోంది. "ఉధర్ దేఖో," అంది, "ఉస్ పహాడ్ మే ఏక్ హాథీ కా గున్నా హై." అటు చూడు, ఆ కొండలో ఏనుగు గున్న ఉందని. ఏనుగు పిల్లని గున్న అంటారు తమవైపు, హిందీలో ఏమంటారో తెలియదు. పిల్లలకి 'గన్నా' అని వినిపించింది, ఏనుగు చెరుకుగడా అని గొల్లుమన్నారు. ఏడుస్తున్న పిల్ల కూడా ఒక్క క్షణం ఆగింది. ఆగిందా, ఇంక జోగమ్మ ఆగలేదు. ఆ గున్న అమ్మ దగ్గర నుంచి తప్పిపోయింది, గాలివానలో, గోతిలో కూర్చుని ఏడుస్తోంది, అప్పుడు అక్కడికి ఎవరొచ్చారు? ఎవరు రావాలి? పులి అంటే పిల్లలు జడుసుకుంటారు, కుందేలు అందరి కథల్లోనూ ఉంటుంది. చిన్నప్పుడు కొండకింద దుంపల మడిలో వెన్నెట్లో చూసింది గుర్తొచ్చింది, ముళ్ళు గలగలమనిపిస్తూ ఒంటరిగా పోయే జంతువు. దాన్ని హిందీలో సాహీ అంటారని జోగమ్మకి ఎవరు చెప్పారు? ముళ్ళు అంటే కాంటా, పంది అంటే సూవర్. "కాంటాసూవర్ ఆతా హై!" అంది, కాంటాసూవర్ వస్తోందని. ఆ మాట నోట్లోంచి వచ్చినప్పుడు ఎంత బాగుందో ఇప్పటికీ నాలుక మీద ఉంది.

"మా, ఠీక్ సే బైఠో," అంది పైడితల్లి గుమ్మం దగ్గరనుంచి, సరిగ్గా కూర్చో అని. జోగమ్మ కప్పు కింద పెట్టి, తెలియకుండానే కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నట్టు గమనించి, దించేసింది. కూతురు తెలుగులో మాట్లాడి పదమూడేళ్ళయింది. తను తెలుగులో అడుగుతుంది, అది హిందీలో జవాబిస్తుంది, ఇంట్లో రెండు రైళ్ళు పక్కపక్క పట్టాల మీద పోయినట్టు. పెద్దమ్మవారి పేరు పెట్టుకున్నారు పైడితల్లి అని, బళ్ళో పి.టి. కుమారి అని రాయించుకుంది. ఆ సంగతి తనకి తెలియదు, తొమ్మిదో తరగతిలో అన్నం మరచిపోయి వెళితే క్యారేజీ పట్టుకుని వెళ్ళింది, గుమ్మంలో నిలబడి "పైడితల్లి కిధర్ హై? మేరా బేటీ! ఉసకా అన్నం లాయా!" అంది, నా కూతురేదీ, అన్నం తెచ్చానని. తరగతంతా నవ్వింది. పంపు దగ్గర నవ్వులాంటిది కాదు. పైడి లేచి వచ్చి క్యారేజీ అందుకుని, తల్లి మొహం చూడకుండా వెనక్కి వెళ్ళిపోయింది. సాయంత్రం నుంచి హిందీ. అది మామూలు హిందీ కాదు, పుస్తకాల హిందీ, గాజుపలక లాగా ఎక్కడా గీత లేనిది, ఎం.ఏ. దాకా చదివింది అందులోనే, జుగ్సలాయిలో పిల్లలకి ఆ హిందీయే నేర్పుతుంది, ఇంటిపక్క బీహారు ఆడవాళ్ళు కూడా అర్జీ రాయించుకోడానికి దాని దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్ళతో జోగమ్మ గర్వంగా చెబుతుంది, "హమారా బేటీ లిఖ్‌తా హై," అని. చెప్పగానే లోపల కాగితం మీద పైడి కలం చప్పుడు ఒక్క క్షణం ఆగిపోతుంది.

అయినా హిందీ ఇంత బాగా వచ్చిన పిల్లని కాదని శాంత తన దగ్గరికెందుకు వచ్చినట్టు? పోయిన ఏడాది వచ్చింది, అహ్మదాబాదులో బొమ్మల సినిమాలు తీయడం చదువుకుందట, జీన్సు ప్యాంటు, భుజాన పెద్ద సంచీ, రైల్వే క్వార్టర్లలో నంబరు నంబరూ వెతుక్కుంటూ. "జోగీ ఆయా, నేను, నిన్ను కొరికిన శాంతని," అంది. కథ చెప్పమంది, ఆ కథే, కాంటాసూవర్ కథ, టేపురికార్డరు పెట్టి. ఎన్ని భాగాలుంటాయి ఆయా? ఎన్నంటే ఏం చెబుతుంది, నర్సరీ బడి మూసేసేదాకా పద్దెనిమిదేళ్ళు చెప్పింది. శాంత పదమూడు ఏరుకుంది. కలకత్తాలో గోడలకి దుప్పట్లు కుట్టినట్టున్న గది, అద్దం అవతల ఇద్దరు మనుషులు, చెవులకి గొట్టాలు, ఎర్రదీపం వెలిగాక మాట్లాడాలి. మొదటిరోజు నాలుక పిడచకట్టుకుపోయింది. శాంత అద్దం వెనకనుంచి లేచి వచ్చి, కింద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, మూడేళ్ళ పిల్లలాగా చూసింది, అంతే, ఇంక ఏ గొట్టాలు, ఏ దీపాలు. రెండు రోజుల పని ఒక్క పూటలో అయిపోయింది. అద్దం అవతల మనిషి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఆ రాత్రి రైల్లో ఇంటికి వస్తూ, ఖడగ్‌పూర్ దాటాక, యాభై రెండేళ్ళ వయసులో, అందరూ వినేలా కలుపు పాట ఎత్తుకుంది. తరవాత ఢిల్లీ టీవీవాళ్ళ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. పిల్లల కార్యక్రమంలో వ్యాకరణ దోషాలు తగవు. సూవర్ అనేది తిట్టు. కాంటాసూవర్ అనే జంతువు లేదు. 'ఏడుపు' ఏ భాష? శుద్ధమైన హిందీలో ఇంకొక టేపు పంపండి, రెండూ చూసి నిర్ణయిస్తాం.

ఆ మాటలు దిద్దమని శాంత పైడినే అడిగింది. తప్పేం లేదు, ఊళ్ళో అంతకంటే బాగా వచ్చినవాళ్ళెవరు. వారం రోజులు ఎర్రసిరాతో కూర్చుని దిద్దింది. జోగమ్మ అన్నం పెట్టి పక్కనే నిలబడి చూసేది, తన మాటల మీద ఎర్రగీతలు పడుతుంటే. ఒకరోజు ఉండబట్టలేక అడిగింది, "అన్నీ తప్పులేనేటే?" పైడి తలెత్తలేదు. హిందీలో అంది, "దేశంలో పిల్లలు నవ్వేది కథకి అనుకుంటున్నావా అమ్మా? నీ మాటకి." ఆ మాట ముల్లులా దిగింది, ఇంకా ఉంది లోపల, రెండు నెలలుగా. నిజమేనేమో. పంపు దగ్గర నవ్వా, తరగతిగది నవ్వా, దేశానికి ఏ నవ్వు వస్తుందో. వాళ్ళు సాహీ అనే టేపు వేస్తే బాగుణ్ణేమో, దానికీ గౌరవం, తనకీ గొడవ లేదు, కూతురు రాసిన మాటలు దేశమంతా వింటుంది, అంతకంటే ఏ తల్లికేం కావాలి… అనుకుంది, అనుకుని, లేదు, అబద్ధం, నాకు నా గొంతే కావాలి అనుకుంది, సోఫా అంచుని రెండు చేతులా పట్టుకుని. సిగ్గుపడుతూనే కోరుకుంది. కాంటాసూవర్ ఆతా హై. ఒక్కసారి. దేశమంతా వినాలి.

"పదయింది! పదయింది!" పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. ఛాయాదేవి గారు గబగబా కర్టెను లాగారు. తెర నల్లబడింది, ఏదో వాయిద్యం, దల్మా లాంటి కొండ ఒకటి మెల్లగా తెల్లారింది, ఎంత బాగా గీసింది శాంత, చెట్లన్నీ వానకి ఒకవైపు ఒంగిపోయాయి, గోతిలో బూడిదరంగు ముద్ద, దానికి తొండం, ఆ తొండం చివర్న కన్నీటిబొట్టు. గున్న ఏడుస్తోంది. గచ్చు మీద మూడేళ్ళపిల్ల బొటనవేలు నోట్లోంచి తీసేసింది. పొదలు గలగలమన్నాయి. ముందు ముళ్ళు కనిపించాయి, నల్లవీ తెల్లవీ, తరవాత చిన్న ముక్కు, గాలి వాసన చూస్తూ. పైడి చేతిసంచీ కింద పడిన చప్పుడైంది. నోరు తెరిచింది ముళ్ళపంది.

"ఏయ్! కౌన్ రోతా హై? డరో మత్! కాంటాసూవర్ ఆతా హై!"

తన గొంతే. అయ్యో, ఇంత పెద్దగొంతా నాది, ఇంత మొరటుగా, ఇంత… పిల్లలు గొల్లుమన్నారు. పన్నెండు నోళ్ళూ ఒక్కసారి, వెనక్కి పడిపోతూ, "కాంటాసూవర్! కాంటాసూవర్!" అని, పక్క క్వార్టర్లోంచి కూడా అదే నవ్వు, కిటికీలోంచి దూకి వచ్చింది, ఆ పక్క ఇంటినుంచి, వీధి అవతలినుంచి, కాలనీ మొత్తం ఒకే నిమిషంలో ఒకే చోట నవ్వింది. జోగమ్మ చెవులు రిక్కించింది, ఏ నవ్వు ఇది, ఏ నవ్వు? పంపు దగ్గరిదే. తమ బిందె తీసి నీ బిందె పెట్టే నవ్వే. తెరమీద గున్న తొండం చాచింది, ముళ్ళు గుచ్చుకుని కేరుమంది, పారిపోబోయి బురదలో జారింది. గదిలో నవ్వు ఆగిపోయింది. "ఏడుపు మత్ కరో రే గున్నా," అంది ముళ్ళపంది, ఏడవకు అని, ఇప్పుడు గొంతు మెత్తబడింది, ఇది ఎర్రదీపం ముందు అన్నది కాదు, కాసిడీహ్ బళ్ళో కొరికించుకున్న చేత్తో ఒక పిల్ల తల నిమురుతూ అన్నది. "మేరా కాంటా పీఛే హై. పీఛే సే మత్ ఆవో. సామ్నే సే ఆవో. సామ్నే కాంటా నహీ హై." వెనకనుంచి రాకు, ఎదురుగా రా, ఎదురుగా ముళ్ళు లేవు. గున్న చాలాసేపు ఆలోచించింది. బురదలోంచి లేచి, చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి నిలబడింది. తొండం కొస తెచ్చి ఆ చిన్న ముక్కు మీద ఆనించింది. డాబా మీద నుంచి ఉమామహేశ్వర్ గారు "ఏమైంది? ఎవరి గొంతు? ఎవరన్నా చెప్పండి!" అని కేకలేస్తున్నారు, ఛాయాదేవి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మూడేళ్ళపిల్ల అక్క ఒళ్ళోంచి దిగి తెరదాకా నడిచి వెళ్ళి, గున్న తొండం మీద చెయ్యి పెట్టి, "ఏడుపు మత్ కరో," అంది. పంజాబీపిల్ల. 'ఏడుపు' ఏ భాషని ఆ పిల్ల ఎవరినీ అడగలేదు.

చివర్లో అక్షరాలు వచ్చాయి, పైకి పాకుతూ. జోగమ్మకి హిందీ చదవడం రాదు. ఎవరివో ఎవరివో పేర్లు వెళ్ళిపోతున్నాయి. గుమ్మం దగ్గరనుంచి పైడి గొంతు వినిపించింది, బడిలో పాఠం చదివినట్టు స్పష్టంగా మొదలై, మధ్యలో గాజుపలక పగిలినట్టయి: "కహానీ ఔర్ ఆవాజ్… జోగమ్మా." కథ, గొంతు. ఫోను మోగింది, ట్రంకాల్, ఛాయాదేవి గారు రిసీవరు తెచ్చి జోగమ్మ చెవికి ఆనించారు, శాంత ఏడుస్తూ నవ్వుతూ అరుస్తోంది. ఇవాళ పొద్దున్నే ఎవరో తెలివైనావిడ ఇద్దరు ముగ్గురు ఆఫీసర్ల పిల్లల్ని కూర్చోబెట్టి రెండు టేపులూ వేసి చూపించిందట, శుద్ధమైనది వేస్తే చక్కగా చేతులు కట్టుకుని చూశారట, జోగీ ఆయాది వేస్తే లేచి గంతులేశారట, ఇంకోసారి వెయ్యమన్నారట, నాలుగుసార్లు వేశారట. "వినిపించిందా ఆయా? నాలుగుసార్లు!"

"ఇనిపించింది తల్లీ," అంది జోగమ్మ, "టాటానగరంతా నవ్వడం నాకూ ఇనిపించింది."

పిల్లలు మీదపడ్డారు. వాళ్ళకి నమ్మకం కుదరలేదు, ఆ గొంతు ఈ మనిషిలో ఎలా ఉంది, మాట్లాడు, మాట్లాడు అని. ఒక్కసారి మాట్లాడింది. కేకలు. ఆ తరవాత గున్నా ఏమైంది, వాళ్ళమ్మ దొరుకుతుందా, పులి వస్తుందా? జోగమ్మ అప్పుడు సోఫాలో వెనక్కి జరిగి, కూరుకుపోయి, కాళ్ళు పైకి ముడుచుకుని హాయిగా కూర్చుంది. దేశంలో ఇన్ని లక్షలమంది పిల్లలు, వాళ్ళ అమ్మలు, నాన్నలు, ఉత్తరం రాసిన ఆ అధికారి, అందరూ వచ్చే ఆదివారందాకా ఆగాలి. "హమ్‌కో మాలూమ్ హై," అంది, నాకు తెలుసు అని, "లేకిన్ హమ్ నహీ బోల్తా."

బస్సుకోసం రోడ్డు మీదికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆదివారం కదా, షిఫ్టు బస్సుల హడావిడి లేదు, స్టాపులో తామిద్దరే. పైడి రెండడుగుల దూరంలో నిలబడింది. ఏమన్నా అంటుందేమోనని చూసింది జోగమ్మ, ఇవాళ ఏమన్నా పడడానికి సిద్ధంగానే ఉంది, గెలిచిన మనిషికి పడడం కష్టం కాదు.

"కోపమొచ్చిందేటే? నీ మాటలు ఎయ్యలేదని?"

పైడి తల అడ్డంగా ఊపింది. రోడ్డు వైపే చూస్తూ అంది, మెల్లగా, తడుముకుంటూ, చాలాకాలం వాడని తాళం తిప్పినట్టు, తెలుగులో: "ఆ కథ… నాకెప్పుడూ సెప్పలేదు నువ్వు."

జోగమ్మకి ముందు అర్థం కాలేదు. పైడి తెలుగు విన్న ఆశ్చర్యంలో మాట జారిపోయింది. తరవాత దిగింది.

"పక్కింటి కస్తూరమ్మ పిన్ని దగ్గర దిగబెట్టీసి ఎల్లిపోయేదానివి. ఆయా పిల్లల్ని బడికి తేవొద్దన్నారని. సాయంత్రం ఒచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. కథ సెప్పమంటే, రేపు సెప్తానే, గొంతు లేదే, అనేదానివి. ఎర్రసిరాతో దిద్దినప్పుడు మొదటిసారి సదివినాను అమ్మా. ఇరవై ఏడేళ్ళొచ్చాక. ఆళ్ళందరికీ సెప్పినావు. ఆళ్ళందరికీ తెల్సు." చేతిసంచీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. "తప్పులు దిద్దతన్నానని అనుకున్నావు నువ్వు. కోపంతో దిద్దినాను."

పద్దెనిమిదేళ్ళు. ఎంతమంది పిల్లల ముక్కులు తుడిచింది, ఎంతమంది ఏడుపు మాన్పించింది, ఇంట్లో గుమ్మం మీద ఎదురుచూస్తూ కూర్చున్న పిల్లని దాటుకుని లోపలికి వెళ్ళి పడుకుంది. క్యారేజీ రోజున నవ్వింది తరగతి, పైడి అలిగింది మాత్రం అంతకు ముందే, ఎప్పటినుంచో, తను వెనకనుంచే చూస్తూ వచ్చింది. రెండడుగులు వేసి, చుట్టూ తిరిగి, కూతురికి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఇప్పుడు సెప్పీనా?"

పైడి ముక్కు ఎగబీల్చి, నవ్వాపుకుని, "పదమూడూ సదివీసినాను కదా" అంది.

"అది శాంతమ్మ ఏరుకున్నది. అందులో లేనిది సెప్తాను. ఏనుగుల మందకి దారి దొరికిపోయి, గున్న ఎల్లిపోయే రోజుది. ఆ పిల్లలెవరికీ సెప్పనేదు, ఏడుత్తారని."

బస్సు వచ్చింది. కండక్టరు "స్టేషన్, జుగ్సలాయ్, స్టేషన్" అని అరిచాడు, వీళ్ళని చూసి ఒక క్షణం ఆగాడు, రేకు మీద చరిచి పోనిమ్మన్నాడు. జోగమ్మ అప్పటికే మొదలుపెట్టేసింది. తెలుగులో ఈ కథ ఎప్పుడూ చెప్పలేదని చెబుతుంటేనే తెలిసింది, ఎక్కడా తడుముకోవక్కర్లేదు, తోసెయ్యక్కర్లేదు, గున్నకి గున్న అనే పేరు, ముళ్ళపందికి ముళ్ళపంది అనే పేరు, వానకి, బురదకి, వెన్నెలకి, దేని మాట దానికి సిద్ధంగా ఉంది, ఒక్కోటీ లేచి వచ్చి వరసలో నిలబడుతోంది. పైడి దగ్గరికి జరిగింది. "తరవాతేటయింది?" అంది. రెండో బస్సు వచ్చి వెళ్ళిపోయింది. గున్న మంద వైపు పది అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. మూడో బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది, డ్రైవరు హారను కొట్టాడు, తల్లీ కూతురూ ఇద్దరిలో ఎవరూ అటు తిరగలేదు.